గరిటెకు చిల్లులు వెయ్యి

అనగా అనగా ఒక రాజ్యం.

"ఏ రాజ్యం?" అని అడిగారా? శభాష్. అడగని వాళ్లకు ఈ కథ చెప్పడం దండగ. ఆ రాజ్యం పేరు అటుకులదుర్గం. "కోట అటుకులతో కట్టారా?" అని కూడా అడగవచ్చు. కాదు, రాళ్లతోనే కట్టారు. మరి ఆ పేరెందుకు వచ్చిందంటారా, నాకు తెలియదు. తెలియనప్పుడు తెలియదని చెప్పేస్తే ఎంత సుఖమో చూశారా? ఆ సుఖం అటుకులదుర్గంలో ఒక్కడికీ లేకపోయింది. అందువల్లే ఇంత గొడవ జరిగింది.

ఆ దుర్గాన్ని ఏలే రాజు గండభూపాలుడు. శూరుడే. దానం చేసే చెయ్యే. కన్నతల్లి అంటే ప్రాణం. ఇన్ని మంచి గుణాలున్న మనిషికి ఒకే ఒక్క జబ్బు. అది విసుగు. చెప్పిన మాట మళ్లీ చెప్పాల్సి వస్తే చాలు, మీసాలు లేచి నిలబడేవి.

ఒకనాడు నిండు సభలో ముసలి మంత్రి చెవి ఒగ్గి, "ఏమన్నారు ప్రభూ?" అన్నాడు. రాజు చెప్పాడు. "ఏమన్నారు ప్రభూ?" అన్నాడు మంత్రి మళ్లీ. రాజు గట్టిగా చెప్పాడు. "ఆ చివరి ముక్క వినపడలేదు ప్రభూ" అన్నాడు మంత్రి.

రాజు సింహాసనం మీంచి లేచాడు. "నేను ఒక్కసారే చెబుతాను! విన్నవాడు విన్నాడు. నా మాట రెండోసారి అడిగినవాణ్ణి, ఎవరైనా సరే, రాజ్యం పొలిమేర దాటించండి!" అని శాసనం చేశాడు. పాపం, ఆ శాసనం కూడా మంత్రికి సగమే వినపడింది. కానీ పక్కవాడు మోచేత్తో పొడవడంతో నోరు మూసుకున్నాడు.

ఆ రోజు నుంచి సభలో ఒకటే మాట. "చిత్తం ప్రభూ!" అర్థమైనవాడూ చిత్తమే, కానివాడూ చిత్తమే. తల ఊపడం, బయటికి రావడం, గుమ్మం అవతల ఒకరి మొహం ఒకరు చూసుకోవడం. "ఏమన్నారోయ్?" "నన్నడుగుతావేం, ముందు వరసలో ఉన్నది నువ్వేగా!" ఇదీ వరస.

ఒకసారి రాజుకు తలనొప్పి వచ్చింది. "శొంఠి నూరు" అన్నాడు పక్కనున్న సేవకుడితో. నూరి, పట్టు వేస్తాడని కళ్లు మూసుకున్నాడు. చాలాసేపటికి కళ్లు తెరిస్తే, సేవకుడు గంపెడు శొంఠికొమ్ములు మోసుకొచ్చి, "నూరూ తెచ్చాను ప్రభూ, తమ సమక్షంలోనే లెక్కపెట్టమంటారా?" అని నిలబడి ఉన్నాడు. ఆ తలనొప్పి వారం దాకా తగ్గలేదు.

నవ్వకండి. నూరమన్నాడా, నూరు అన్నాడా అని ఒక్క ముక్క అడిగితే అయిపోయేదిగా? అడగడే!

పోనీ రాజుగారికైనా తప్పు తన శాసనంలో ఉందని తోచిందా? తోచలేదు. మనుషులు మాటను తారుమారు చేస్తున్నారనుకున్నాడు. "మనిషయితే తన తెలివి కలుపుతాడు. చిలక అయితే అన్నది అన్నట్టు చెబుతుంది" అని ఒక పచ్చని చిలకను తెప్పించి, కాలికి బంగారు కడియం తొడిగి, శుకామాత్యుడని బిరుదిచ్చి, తన ఆజ్ఞలన్నీ మోసే పని అప్పగించాడు.

చిలక నిజంగానే అన్నది అన్నట్టు చెప్పింది. అంతకుమించి ఒక్క అక్షరం చెప్పలేదు. చిక్కంతా అక్కడే వచ్చింది.

ఇలా ఉండగా రాజమాత అక్కమాంబకు వెయ్యి పున్నములు నిండే రోజు దగ్గరపడింది. పుట్టింది మొదలు వెయ్యి నిండు చందమామలను చూడగలిగేంత ఆయుష్షు అందరికీ దొరకదు కదా. దొరికినవాళ్లకు మనవాళ్లు పండుగ చేస్తారు. రాజు తల్లి దగ్గర కూర్చుని, "అమ్మా, నీకేం కావాలి? పట్టుచీరలా, రత్నహారమా, గుడి కట్టించనా?" అని అడిగాడు.

"అవన్నీ నేనేం చేసుకోను నాయనా" అంది రాజమాత. "లడ్డూ తినాలని ఉంది. నోట్లో పళ్లు లేవు. బూంది ముత్యమంత సన్నంగా ఉండాలి. పెద్దదైతే చిగుళ్లకు గుచ్చుకుంటుంది. ముత్యమంత ఉంటే నాలుక మీదే కరిగిపోతుంది. నీ చిన్నప్పుడు నేను కట్టి నీ నోట్లో పెట్టేదాన్ని, అలాంటిది."

రాజు కళ్లు చెమర్చాయి. వెంటనే వంటసాల పెద్ద పేరిందేవమ్మను పిలిపించాడు. ఆమె పాత బూంది గరిటె తెచ్చి చూపించింది. ఏళ్ల తరబడి వాడి వాడి చిల్లులన్నీ అరిగి ఒకదాంట్లో ఒకటి కలిసిపోయాయి. "కొత్త గరిటె కావాలి ప్రభూ" అని ఆమె చెప్పింది. ముత్యమంత సన్నటి చిల్లులు కావాలని కూడా చెప్పబోయింది. కానీ రాజు అప్పటికే గుర్రమెక్కుతున్నాడు. ఒక కాలు రికాబులో పెట్టి, చిలక వైపు తిరిగి, ఒకే ఒక్క మాట అన్నాడు.

"గరిటెకు చిల్లులు వెయ్యి!"

చిలక రివ్వున ఎగిరి కంచరుల వీధికి పోయింది.

ఆ వీధి మొదట్లో కోటాచారి ఇల్లు. ఇత్తడి పనిలో అతని చెయ్యి తిరిగిన చెయ్యి. చిలక అతని దిమ్మ మీద వాలి, మెడ నిక్కించి, అచ్చం రాజుగారి గొంతుతో, "గరిటెకు చిల్లులు వెయ్యి!" అంది.

కోటాచారి చేతులు కట్టుకున్నాడు. "చిత్తం శుకామాత్యా. వెయ్యి అంటే కొట్టమనా, లెక్కకు వెయ్యి అనా?"

"గరిటెకు చిల్లులు వెయ్యి!"

"చిల్లు ఎంతుండాలి తండ్రీ? ఆవగింజంతా, శనగగింజంతా?"

"గరిటెకు చిల్లులు వెయ్యి!"

కోటాచారి భార్య సిద్ధమ్మ కొలిమి దగ్గర తిత్తి ఊదుతోంది. ఆమెకు ఒళ్లు మండింది. "దాన్నెన్నిసార్లు అడిగినా అదే కూస్తుంది. పోయి రాజుగారినే అడిగిరావయ్యా" అంది.

"అడిగితే పొలిమేర దాటిస్తారే!"

"అడక్కుండా చేస్తే తప్పొస్తుందే!"

"నాకు అర్థమైందిలే" అన్నాడు కోటాచారి. అసలు చిక్కు ఎక్కడ మొదలవుతుందంటే, ఈ మాట దగ్గర. అర్థం కానివాడు నయం, ఆగుతాడు. అర్థమైందనుకున్నవాడు ఆగడు. "రాజమాతకు వెయ్యి పున్నములు. గరిటెకు వెయ్యి చిల్లులు. పున్నమికొక చిల్లు! ఎంత ముచ్చటైన ఆలోచనే రాజుగారిది!"

"ముచ్చట మనకు తెలిస్తే సరిపోతుందా, గరిటె ఓర్చుకోవద్దూ?" అంది సిద్ధమ్మ. కోటాచారి అప్పటికే ఉలి అందుకున్నాడు.

అతని పనితనానికి వంక పెట్టడానికి లేదు. చిల్లు కొట్టడమంటే రేకులోకి మేకు దిగ్గొట్టడం కాదు. చిల్లులు కొట్టే ఉలికి మొన ఉండదు. చివర చదునుగా, అంచు పదునుగా ఉంటుంది. రేకు కింద ఇనప దిమ్మ ఉంటుంది. ఆ దిమ్మకు సరిగ్గా ఉలి పట్టేంత కన్ను ఉంటుంది. పైన ఉలి, కింద కన్ను, మధ్యలో రేకు. ఉలి నిటారుగా నిలబెట్టి ఒక్క దెబ్బ. టిక్కుమని చిన్న బిళ్ల ఊడి కన్నులోంచి కిందికి రాలుతుంది. బిళ్ల ముక్కలు కాకుండా రాలిందంటే చిల్లు శుభ్రంగా పడినట్టు. వేలితో తడిమినా గరుకు తగలదు.

కోటాచారి కొట్టిన ప్రతి దెబ్బకూ బిళ్ల నిండుగా రాలింది. వెయ్యి చిల్లులూ అద్దంలా ఉన్నాయి. కానీ గరిటె మొహం విస్తరాకంత కూడా లేదు. చిల్లుకూ చిల్లుకూ మధ్య వెంట్రుకవాసి ఇత్తడి మిగిలింది. కోటాచారి దాన్ని వెలుగుకు ఎత్తి పట్టుకుని మురిసిపోయాడు.

వంటసాలలో పేరిందేవమ్మ మూకుడు పెట్టి, నూనె కాచి, శనగపిండి జారుగా కలిపి, ఆ గరిటెలో పోసి, అంచు మీద ఒక్కసారి తట్టింది. అంతే. గరిటె మొహం సగానికి చిరిగి, పిండితో సహా మూకుట్లో పడింది. నూనె ఎగిసింది. బూంది రాలేదు. తలకాయంత బజ్జీ ఒకటి తేలింది.

రాజు దాన్ని చూసి అగ్గిమీద గుగ్గిలమయ్యాడు. "మా అమ్మ లడ్డూ అడిగితే గరిటె వేయించి పెడతారా! ఆ కంచరిని చెరసాలలో తొయ్యండి!" అన్నాడు. తర్వాత చిలక వైపు తిరిగి, పళ్లు కొరుకుతూ, మళ్లీ అదే మాట అన్నాడు.

"గరిటెకు చిల్లులు వెయ్యి!"

ఈసారైనా మరో రకంగా చెప్పవచ్చు కదా? చెప్పడు. తాను చెప్పింది సరిగ్గానే ఉందని ఆయన నమ్మకం.

చిలక వీధి చివర కనకాచారి ఇంటికి పోయింది. కనకాచారి గడుసువాడు. కోటాచారికి జరిగింది అప్పటికే విన్నాడు. "వెర్రివాడు, వెయ్యి అంటే లెక్క అనుకున్నాడు. వెయ్యి అంటే కొట్టమని. నాకు తెలియదూ?" అన్నాడు.

అది తెలిసింది, సరే. ఎన్ని కొట్టాలో తెలిసిందా? ఎంతంత కొట్టాలో తెలిసిందా? ముందువాడు చేసిన తప్పు తెలియగానే, మిగతాదంతా తనకు తెలిసిపోయిందనుకున్నాడు కనకాచారి. చిన్న చిల్లులు కొట్టి కోటాచారి చెడ్డాడు కాబట్టి, పెద్ద చిల్లులు కొడితే తిరుగుండదని తేల్చుకున్నాడు. దీనికేమైనా అర్థముందా?

పైగా చిలక అతని భుజం మీదే కూర్చుంది. "వెయ్యి!" అంటుంది. ఊపిరి పీల్చుకోబోతే మళ్లీ "వెయ్యి!" అంటుంది. చెవిలో రాజుగారి గొంతు అలా అరుస్తుంటే చేతికి నిలకడ ఎక్కడుంటుంది? కనకాచారికి చెమటలు పట్టాయి. ఆ కంగారులో పెద్ద చిల్లులకు సరిపోయే దిమ్మ వెతుక్కోలేదు. రేకును చెక్క మీద పరిచాడు. చేతికందిన మొన మేకు తీసుకుని దబదబా కొట్టుకుపోయాడు. బిళ్లలు రాలలేదు. మేకు దిగిన చోటల్లా రేకు చిరిగి, కిందివైపు పళ్లలా లేచి నిలబడింది. తిప్పి ఒక్కసారి తడిమి చూస్తే వేలు కోసుకునేది, తెలిసేది. తిప్పి చూడలేదు.

పేరిందేవమ్మ పిండి పోసింది. పిండి ఆ పళ్లను పట్టుకుని వేలాడి, సాగి, చివరికెలాగో తెగి నూనెలో పడింది. ఒక్కో బూంది ఉసిరికాయంత తల, దాని వెనక ఇంత పొడుగు తోక. మూకుడంతా ఈదుతున్నట్టే ఉంది.

రాజు పళ్లెంలోకి తొంగి చూశాడు. "ఇవేమిటి?" అన్నాడు. "వెయ్యి పున్నములు చూసిన మా అమ్మకు నేను కప్పపిల్లలు పెట్టనా?"

కనకాచారినీ చెరసాలలో తోయించాడు. ఆ కోపంలో ఇంకో శాసనం పుట్టింది. పున్నమి నాటికి సరైన గరిటె రాకపోతే, చెరసాలలో ఉన్న ఇద్దరు కంచరులనూ, వాళ్ల ఇళ్లవాళ్లనూ పొలిమేర దాటించాలి. కొలిములు చల్లార్చాలి. ఇళ్లకు తాళాలు వెయ్యాలి.

సిద్ధమ్మ ఈ కబురు విని చెరసాలకు పోయింది. ఊచల వెనక కోటాచారి, కనకాచారి తలలు వంచుకుని కూర్చున్నారు. ఆమెకు ఏడుపు వచ్చింది. ఏడుపు కన్నా ముందు కోపం వచ్చింది.

"ఏమయ్యా, నే చెప్పానా లేదా, పోయి అడగమని?"

"అడిగితే పొలిమేర దాటించేవాళ్లే" అన్నాడు కోటాచారి నీరసంగా.

"ఇప్పుడు మాత్రం ఏం చేస్తున్నారు, పల్లకిలో ఊరేగిస్తున్నారా? అడిగి పోయేవాడివైతే నువ్వొక్కడివే పోయేవాడివి. అడక్కుండా ఊరుకుని, నన్నూ, కొలిమినీ, మా మావగారు కట్టిన ఇంటినీ కూడా లాక్కుపోతున్నావు. కనకాచారి అన్నా, నీ సంగతేమిటి? మా ఆయన చెడిన సంగతి చూశావుగా, నువ్వైనా అడగలేకపోయావా?"

"నాకు అర్థమైందనుకున్నానమ్మా" అన్నాడు కనకాచారి.

సిద్ధమ్మ నెత్తి కొట్టుకుంది. "ఈ ఊళ్లో అర్థమైందనుకోనివాడు ఒక్కడైనా ఉన్నాడా!" అని విసవిసా ఇంటికి వచ్చింది.

ఇంట్లో దిమ్మ మీద చిలక కూర్చుని ఉంది. ఆ వీధిలో ఉలి పట్టడం వచ్చినవాళ్లలో ఇంక మిగిలింది సిద్ధమ్మ ఒక్కతే మరి. ఆమెను చూడగానే చిలక మెడ నిక్కించింది.

"గరిటెకు చిల్లులు వెయ్యి!"

సిద్ధమ్మ విసిరిన పట్టకారు చిలక తలకు ఇంత ఎడంగా పోయి గోడకు తగిలింది. చిలక కొంచెం జరిగి కూర్చుని, మర్యాదగా మళ్లీ అంది. "గరిటెకు చిల్లులు వెయ్యి!"

సిద్ధమ్మ కూలబడింది. అడిగితే పొలిమేర. అడక్కపోతే తప్పు గరిటె, మళ్లీ పొలిమేరే. ఇత్తడి తప్పుగా వంగితే సాగదీయవచ్చు, నొక్కు పడితే కొట్టి సరిచేయవచ్చు. తప్పు చోట చిల్లు పడితే మాత్రం దాన్ని వెనక్కి తీసుకునే ఉలి ఇంతవరకూ ఎవరూ చేయలేదు. ఆమె అలా ఆలోచిస్తూ చిలక వంకే చూసింది. చూసి చూసి ఉన్నట్టుండి నవ్వింది.

"రాజుగారి మాట నేను అడక్కూడదు. సరే. రాజుగారి మాట రాజుగారు అడక్కూడదని శాసనంలో ఎక్కడుంది?"

మర్నాడు సిద్ధమ్మ తల నిండా కొంగు కప్పుకుని, ఒక చేత్తో సంచి, ఇంకో చేత్తో గుండ్రంగా కోసిన ఇత్తడి రేకు పట్టుకుని, చిలకను భుజం మీద ఎక్కించుకుని సభకు వచ్చింది. రాజు పక్కన రాజమాత కూర్చుని ఉంది. పేరిందేవమ్మ స్తంభం పక్కన నిలబడి ఉంది.

"గరిటె ఏదీ?" అన్నాడు రాజు.

"చిల్లులు వెయ్యడమే తరువాయి ప్రభూ. మా కంచరుల ఇళ్లలో ఒక ఆచారం ఉంది. తల్లి కోసం చేసే పాత్రకు తొలి దెబ్బ కన్నకొడుకే వెయ్యాలి. అప్పుడే ఆ పాత్రలో వండింది తల్లికి అరుగుతుంది."

ఆ ఆచారం తాతముత్తాతల నాటిదో, ఆ ఉదయమే పుట్టిందో నన్నడక్కండి. సరే, అడగండి. ఆ ఉదయమే పుట్టింది.

తల్లి మాట వచ్చేసరికి రాజు కరిగాడు. ఉత్తరీయం నడుముకు బిగించి కిందికి దిగి వచ్చాడు. సిద్ధమ్మ రేకును సభలో రాతినేల మీద పరిచింది. ఉలీ సుత్తీ చేతికిచ్చింది. దిమ్మను మాత్రం సంచిలోనే ఉంచింది. మరిచిపోయి కాదు.

"గరిటెకు చిల్లులు వెయ్యి!" అంది చిలక.

రాజు రేకు నట్టనడుమ ఉలి పెట్టి, కత్తి పట్టిన బలంతో ఒక్క దెబ్బ వేశాడు. ఉలి పక్కకు ఒరిగింది. రేకు సొట్టపోయి, చిరిగి, కిందికి పళ్లు తేలింది. సుత్తి జారి బొటనవేలి మీద పడింది. సభ అంతా "చిత్తం ప్రభూ" అంది, ఇంకేమనాలో తెలియక.

రాజు వేలు నోట్లో పెట్టుకుని, "ఇదేమిటి, ఇలా చిరిగింది?" అన్నాడు.

"అడిగారు కనుక చెబుతాను" అంది సిద్ధమ్మ. సంచిలోంచి దిమ్మ తీసి రేకు కింద పెట్టింది. "కింద ఆసరా ఉండాలి ప్రభూ. ఉలి దిగే చోటు ముందే తెరిచి ఉండాలి. పైనుంచి దెబ్బ ఎంత గట్టిదైనా, కింద దానికి సరిపోయే కన్ను లేకపోతే రేకు చిరుగుతుంది. ఉలిని నిటారుగా పట్టండి. బలం వద్దు. ఒక్క దెబ్బ చాలు."

రాజు నిటారుగా పట్టి, నెమ్మదిగా కొట్టాడు. టిక్కుమంది. ముత్యమంత బిళ్ల ఊడి దిమ్మ కన్నులోంచి రాతినేల మీదికి దొర్లింది. రాజు దాన్ని అరచేతిలో పెట్టుకుని చూసుకున్నాడు. నిజం చెప్పొద్దూ, ఏ యుద్ధం గెలిచినప్పుడూ ఆ మొహం అంత వెలగలేదు. "అమ్మా, చూడు!" అన్నాడు. ఇంకొకటి కొట్టాడు. మరొకటి కొట్టాడు. టిక్కు, టిక్కు, టిక్కు. బిళ్లలు రాలుతున్నాయి.

కాసేపటికి నడుము పట్టేసింది. నుదుటి మీద చెమట తుడుచుకుని, "ఇంకా ఎన్ని?" అన్నాడు.

సిద్ధమ్మ చిలక వైపు చూసింది.

"గరిటెకు చిల్లులు వెయ్యి!" అంది చిలక.

"వేస్తున్నానుగా! ఎన్ని అని అడుగుతుంటే?"

"వెయ్యి!"

"అదే చేస్తున్నానే పక్షీ! ఎన్ని?"

"వెయ్యి!"

రాజు చేతిలో సుత్తి ఆగిపోయింది. రేకు వంక చూశాడు. చిలక వంక చూశాడు. ఆయన మొహం ఎర్రబడింది. నిండు సభలో, అందరూ వింటుండగా, ఒళ్లు మరిచి అరిచేశాడు.

"వెయ్యి అంటే వెయ్యమనా, లెక్కకు వెయ్యి అనా? సరిగ్గా చెప్పి ఏడవకూడదూ!"

ముసలి మంత్రి పక్కవాడి చెవిలో, "ఏమన్నారు?" అన్నాడు. ఈసారి అతన్ని ఎవరూ పొడవలేదు.

రాజు మెల్లగా సుత్తి కింద పెట్టాడు. ఆ గొంతు తనది. ఆ మాట తనది. తన మాటే తనకు అర్థం కాలేదు. తన మాట రెండోసారి అడిగినవాడు ఇప్పుడు ఎవరయ్యా అంటే, తానే.

"నీ పేరేమిటమ్మా?" అన్నాడు.

"సిద్ధమ్మ, ప్రభూ. వెయ్యి చిల్లులు కొట్టినవాడు మా ఆయనే. తమరు ఇప్పుడు అడిగిన ప్రశ్నే ఆయనా చిలకను అడిగాడు. జవాబు రాలేదు. తమరిని అడగడానికి భయపడ్డాడు. రెండో ఆయన భయపడి, కంగారు కూడా పడ్డాడు. వాళ్ల తప్పు లేదని నేననను. గుడ్డిగా కొట్టడం తప్పే. కానీ ప్రభూ, తమ ఆజ్ఞ పైనుంచి పడే దెబ్బ లాంటిది. కింద అడిగే వీలు లేకపోతే చిరిగేది మా బతుకులే."

రాజు తల వంచుకున్నాడు. అప్పుడు రాజమాత నోరు విప్పింది.

"భూపాలా, నీకు మాటలు వస్తున్న రోజుల్లో చందమామను చూపించి 'అదేమిటి' అని అడిగేవాడివి. చెప్పేదాన్ని. మళ్లీ 'అదేమిటి' అనేవాడివి. పున్నమి పున్నమికీ అదే ప్రశ్న."

"నువ్వు ఒక్కసారైనా విసుక్కోలేదు కదమ్మా" అన్నాడు రాజు.

"ఎందుకు విసుక్కోలేదు? బోలెడంత విసుక్కున్నాను" అంది రాజమాత. "అయినా చెప్పాను. చెప్పకపోతే నీకు ఇవాళ చందమామ అంటే తెలిసేదా?"

రాజు లేచి నిలబడ్డాడు. ఆ క్షణమే శాసనం రద్దయింది. చెరసాల తలుపులు తెరిచారు. కోటాచారి, కనకాచారి వచ్చేసరికి రాజు పేరిందేవమ్మ ముందు నిలబడి, కొత్తగా నేర్చుకున్న విద్యలాగా ఒక్కొక్క ప్రశ్నే అడుగుతున్నాడు. "చిల్లు ఎంతుండాలి? చిల్లుకూ చిల్లుకూ మధ్య ఎంత వదలాలి?"

"ఇదే ప్రభూ ఆ రోజు నేను చెప్పబోయింది!" అంది పేరిందేవమ్మ. ఇన్నాళ్లూ మింగిన మాటలు ఒక్కసారి బయటపడ్డాయి. "చిల్లు ముత్యమంత. మధ్యలో కనీసం ఇంకో చిల్లంత చోటు వదలాలి. అంచున రెండు వేళ్ల మేర ఖాళీ ఉండాలి, తట్టడానికి. తమరు గుర్రమెక్కేశారు, నేనేం చెయ్యను!"

ముగ్గురు కంచరులూ ఆ రేకుతోనే పనికి కూర్చున్నారు. అందరి చేతుల్లోనూ బిళ్లలు నిండుగా రాలాయి. ఒక్క చిక్కు మాత్రం మిగిలింది. నట్టనడుమ రాజుగారు చించిన ఆ తొలి చిల్లు. కోటాచారి దాని పళ్లు వీలైనంత ఆకురాయితో అరగదీశాడు. అయినా ఒక పక్క చీలిక ఉండిపోయింది.

"దీన్ని పారేసి కొత్త రేకు తెండి" అన్నాడు రాజు సిగ్గుపడి.

"ఎవరైనా దాని మీద చెయ్యి వేస్తే ఊరుకోను" అంది రాజమాత.

పున్నమి వచ్చింది. పేరిందేవమ్మ గరిటె పట్టి తట్టింది. బంగారు ముత్యాలు జలజలా రాలాయి. పాకంలో పడ్డాయి. ఏలకుల పొడి, పచ్చకర్పూరం కలిసి కోటంతా ఘుమఘుమలాడింది. రాజు తన చేత్తో లడ్డూ కట్టి తల్లి నోట్లో పెట్టాడు. అది నాలుక మీదే కరిగిపోయింది.

అయితే ప్రతి వాయిలోనూ నడిమి చిల్లులోంచి తోక బూంది ఒకటో రెండో వచ్చేవి. రాజమాత వాటిని వెతికి వెతికి ఏరి పక్కన పెట్టుకుని, ఆఖర్న తినేది. ఎవరైనా చూస్తే, "ఇది మా అబ్బాయి వేసిన చిల్లుది" అని మురిసిపోతూ చెప్పేది. అలా చెప్పిన ప్రతిసారీ రాజు బొటనవేలు తడుముకునేవాడు.

మరి చిలక ఏమైందంటారా? అడుగుతారని తెలుసు. శుకామాత్యుడి పదవి పోలేదు. ఆ రోజు సభలో అందరూ అందరినీ ప్రశ్నలు అడుగుతుంటే విని, అది ఒక కొత్త మాట నేర్చుకుంది. అది మొదలు రాజు ఏ ఆజ్ఞ ఇచ్చినా సింహాసనం అంచున కూర్చుని, మెడ ఒక పక్కకు వాల్చి, "అంటే?" అనేది. రాజు విడమరిచి చెప్పేవాడు. "అంటే?" అనేది మళ్లీ. రాజు మీసాలు లేచేవి. పళ్లు కొరికేవాడు. విసుక్కుంటూనే ఇంకోసారి చెప్పేవాడు. ఆ తర్వాత అటుకులదుర్గంలో తప్పు చిల్లు పడలేదు.

కథ కంచరి కొలిమికి, లడ్డూ మన నోటికి. ఇక నీతి చెబుతాను, అర్థం కాకపోతే అడగండి, విసుక్కుంటాను కానీ మళ్లీ చెబుతాను: అర్థం కాని మాటను అడిగి తెలుసుకుంటే పోయేది కాసింత బిడియమే, అడక్కుండా వేసిన దెబ్బకు పడిన చిల్లు ఎవరు కొట్టినా ఇక పూడదు.